మూడో దిబ్బ మీద గడ్డి

ఏరు తనకు నచ్చిన దారిన నడిచే కాలం అది. మనుషులు ఏటిని అడిగి ఇళ్లు కట్టుకునే కాలం అది. ఈ కథ చెప్పుకునేవాళ్ల ముత్తాతలకు కూడా అది పాత కాలమే.

ఆ కాలంలో కొంగలేటి ఒడ్డున ఒక పట్నం ఉండేది. కొంగలేరు పట్నంలోకి వచ్చాక మూడు వంపులు తిరిగేది. మొదటి వంపులో చాకళ్లు బట్టలు ఉతికేవారు. రెండో వంపులో గొడ్లు నీళ్లు తాగేవి. మూడో వంపులో ఆడవాళ్లు చెలమలు తీసి కడవలు నింపుకునేవారు. వానాకాలం వస్తే మాత్రం ఏరు వీధుల్లోకి వచ్చేది. వారం రోజులు చుట్టంలా ఉండి, పోతూ పోతూ నాలుగు గోడలూ రెండు గొడ్లూ వెంటబెట్టుకుపోయేది.

పట్నాన్ని ఏలే దొరకు విసుగొచ్చింది. ఏటికి కొత్త దారి తవ్వించాడు. అటూ ఇటూ ఎత్తుగా రాతిగోడలు కట్టించాడు. తాడు పట్టి లాగినట్టు ఏటిని నిటారుగా పారించాడు. ఆ ఏడు వరద వీధుల్లోకి రాలేదు. పట్నమంతా దొరను మెచ్చుకుంది.

ఆ మెచ్చుకోలు ఎండాకాలం దాకానే. నిటారు ఏరు ఎవరి కోసమూ ఆగదు. వచ్చిన నీళ్లు వచ్చినట్టే పోయాయి. మూడు వంపులూ ఎండిపోయాయి. బావుల్లో నీళ్లు అడుగంటాయి. నీళ్లు కావాలంటే రాతిగోడ మీద నుంచి మెట్టు మెట్టూ దిగి, ఉరికే ఏట్లో కడవ ముంచాలి. ఆ ఒక్క ఎండాకాలంలో మూడు కడవలు ఏట్లో కొట్టుకుపోయాయి. కడవలతో పాటు ముగ్గురు ఆడవాళ్లు పోయారు.

అప్పుడు పట్నం జనం దొర ముందు నిలబడి, ఏరు మా కళ్లకు కనబడుతోంది గానీ చేతికి అందడం లేదని మొరపెట్టుకున్నారు. దొర చెడ్డవాడేమీ కాదు. గోడ అవతల, ఏటి పక్కనే, పాత వంపులు ఉన్న నేలలోంచి ఒక కాలువ తవ్విస్తానన్నాడు. పైన ఏట్లోంచి మొదలై, పట్నం పొడుగునా నెమ్మదిగా పారి, కింద మళ్లీ ఏట్లోనే కలిసే పక్క కాలువ. దిగితే మోకాళ్ల లోతు తేలిగ్గా అందే కాలువ. మృగశిర కార్తెకు ముందే అది పూర్తి కావాలన్నాడు.

ఆ కాలువ తవ్వడానికి గాడిదల మీద గుడిసెలు వేసుకుని ఒడ్డెర గుంపు వచ్చింది. ఆ గుంపుకు మేస్త్రి తిప్పయ్య. ఆ గుంపులోనే సుంకి ఉంది.

సుంకి తిప్పయ్యకు తమ్ముడి పెళ్లాం. మొగుడు పోయి చాలాకాలం అయింది. కొడుకు ఏటి గోడల పనికని ఎగువకు పోయాడు. గుడిసెలో సుంకి, నెలలు నిండుతున్న కోడలు చెన్ని, అంతే. సుంకి ముసలిదైపోయింది. గడ్డపార ఎత్తే సత్తువ చేతుల్లోంచి పోయి అయిదేళ్లయింది. ఒకప్పుడు తట్టల కొద్దీ మట్టి మోసిన మనిషిని చూసి తిప్పయ్య జాలిపడి, దిబ్బలకు నీళ్లు పోసే పని ఇచ్చాడు.

దిబ్బలంటే ఏమిటో చెప్పాలి. కాలువ తవ్వేటప్పుడు తీసిన మట్టి అంతా ఒడ్డున పోస్తారు. అప్పుడు ఒడ్డు పెరిగిపోతుంది. అసలు నేల ఎక్కడుండేదో, ఎంత లోతు తవ్వారో ఒడ్డును చూసి ఎవరూ చెప్పలేరు. అందుకని కాలువ మధ్యలో అక్కడక్కడ ఒక దిబ్బను తవ్వకుండా వదిలేస్తారు. మట్టి స్తంభంలాగా అది ఒంటరిగా నిలబడుతుంది. దాని నెత్తిన పాత నేల మీది గడ్డి అలాగే ఉంటుంది. పక్కన కొలకర్ర పెట్టి చూస్తే తవ్విన లోతు తెలిసిపోతుంది. దాన్ని సాక్షి దిబ్బ అంటారు. నెత్తిన గడ్డి పచ్చగా ఉన్నంతకాలం దిబ్బను ఎవరూ ముట్టలేదని గుర్తు. గడ్డి ఎండితే కొలిచేవాళ్లకు అనుమానం వస్తుంది. నీళ్లు కాలువ చివరిదాకా పారిన తర్వాతే దిబ్బను కొట్టేస్తారు. అదీ ఒడ్డెర కట్టుబాటు.

కాలువకు మూడు భాగాలు. మూడు భాగాలకు మూడు దిబ్బలు. సుంకి పొద్దున్నే నిచ్చెన చంకన పెట్టుకుని బయల్దేరేది. చెంబెడు మొదటి దిబ్బకు. చెంబెడు రెండో దిబ్బకు. చెంబెడు మూడో దిబ్బకు. సాయంత్రం మళ్లీ అలాగే. గడ్డిలో పురుగుంటే ఏరేది. గాలికి అంచు రాలితే తడిమట్టితో అద్దేది. ఆ గడ్డి వేళ్లు ఎటు పోతాయో ఆమె వేళ్లకు తెలుసు.

మొదటి భాగం ఒండ్రుమట్టి. పార వేస్తే వెన్నలా వచ్చింది. రెండో భాగం ఇసుకమట్టి. అదీ వచ్చింది. మూడో భాగం మొరం నేల. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచాయి. గుడిసెకు ఒక వంతు చొప్పున పంచుకున్న పని అది. సుంకి గుడిసె వంతు చెన్ని తవ్వాలి. ఏడు దాటి ఎనిమిదో నెల. గుంపులో ఎవరి వంతు వాళ్లకే భారంగా ఉంది, సాయం చెయ్యడానికి ఎవరికీ చెయ్యి ఖాళీ లేదు.

కార్తె దగ్గరపడింది. కొలకర్ర పెట్టి చూస్తే మూడో భాగంలో ఇంకా జానెడు లోతు తక్కువ. ఒక్క జానెడు. ఆ రోజు మధ్యాహ్నం చెన్ని గంజి తాగుతూ ముంత పట్టుకోలేక కింద పెట్టేసింది. అరచేతులు చీలి ఉన్నాయి. ముంత మీద నెత్తుటి మరక. చెన్ని దాన్ని కొంగుతో తుడిచి, అత్త చూడలేదనుకుని, తట్ట తలకింద పెట్టుకుని పడుకుంది.

సుంకి చూసింది.

ఎండకు గుంపంతా ఒడ్డు నీడన కళ్లు మూసుకుని ఉంది. సుంకి నిచ్చెన తీసుకుని మూడో దిబ్బ ఎక్కింది. కొడవలి అంచుతో గడ్డి చుట్టూ గీసింది. వేళ్లతో సహా గడ్డి పెళ్లను మూకుడు మీద మూత ఎత్తినట్టు ఎత్తింది. కింద మట్టి పోసింది. ఒక దోసెడు, రెండు దోసెళ్లు, జానెడు ఎత్తు వచ్చేదాకా పోసి, తట్టి, పైన గడ్డి పెళ్లను మళ్లీ పరిచింది. అంచులు తడిమట్టితో అద్దింది. చెంబెడు నీళ్లు పోసింది. గడ్డి ఒక్క పరక కూడా వాడలేదు. అంత బాగా చెయ్యగలిగిన మనిషి ఆ గుంపులో ఆమె ఒక్కతే.

మర్నాడు దొరగారి మనిషి కొలకర్రతో వచ్చాడు. మొదటి దిబ్బ కొలిచాడు, సరిపోయింది. రెండో దిబ్బ కొలిచాడు, సరిపోయింది. మూడో దిబ్బ కొలిచాడు, గడ్డి పచ్చగా ఉండడం చూశాడు, సరిపోయిందన్నాడు. ఇంకా జానెడుందని నిన్న చూసినవాళ్లు కూడా తాము కర్ర వంకరగా పెట్టి ఉంటామనుకుని సంతోషపడ్డారు. తిప్పయ్య చెయ్యెత్తి, "దిబ్బ సాక్షి" అన్నాడు. గుంపంతా దిబ్బ సాక్షి అంది. సుంకి పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు.

కాలువకు నీళ్లు వదిలారు. పట్నమంతా ఒడ్డున నిలబడింది. నీళ్లు మొదటి భాగంలోకి వచ్చాయి, చాకళ్లు దండం పెట్టారు. నీళ్లు రెండో భాగంలోకి వచ్చాయి, గొడ్లు మోరలెత్తాయి. నీళ్లు మూడో భాగం మొదలు దాకా వచ్చి, గడప దగ్గర మొరాయించిన ఎద్దులా ఆగిపోయాయి. మూడో భాగం ఒడ్డున కడవలు పట్టుకుని ఆడవాళ్లు సాయంత్రం దాకా నిలబడి, ఖాళీ కడవలతో ఇళ్లకు పోయారు.

నిలిచిన నీళ్లు పాచిపట్టడం మొదలైంది. కొలత సరిగ్గానే ఉంది, మరి నీళ్లెందుకు రావు? వంపులు మాన్పించినందుకు ఏటమ్మ అలిగిందన్నారు. పసుపూ కుంకుమా చల్లారు. నీళ్లు కదల్లేదు. సుంకి గొంతు దాకా వచ్చిన మాట మింగింది. ఏటమ్మకు ఆకలేస్తోందన్నారు. గొర్రెపిల్లను కోశారు. నీళ్లు కదల్లేదు. సుంకి గొంతు దాకా వచ్చిన మాట మళ్లీ మింగింది. మాట బయటపడితే పోయేది తన పరువొక్కటే కాదు. సాక్షి దిబ్బ ముట్టారన్న పేరొస్తే, ఆ గుంపు చేతికి మళ్లీ ఏ ఊరూ పార ఇవ్వదు. ఇరవై గుడిసెల కూడు ఆమె నాలుక మీద ఉంది.

మూడోసారి పట్నం పెద్దలు సోదె చెప్పే మనిషిని తెచ్చి కాలువ ఒడ్డున కూర్చోబెట్టారు. దొర వచ్చాడు. గుంపు వచ్చింది. సోదె మనిషి చాలాసేపు ఊగి, కాలువ మనిషిని బలి అడుగుతోందని చెప్పాడు. తవ్విన చేతుల్లోనే ఒక చేతిని అడుగుతోంది. నిండు కడుపును అడుగుతోంది.

ముందు ఒకరు తల తిప్పారు. తర్వాత ఇద్దరు. తర్వాత అందరూ. చెన్ని అప్పుడే తట్ట కడుక్కుని వచ్చి నిలబడింది. అతను చెప్పింది సగమే విన్నది.

"అత్తా," అంది మెల్లగా, "వీళ్లంతా నన్నెందుకు చూస్తాండారు?"

సుంకి లేచింది. నిచ్చెన చంకన పెట్టుకుంది. ఎండి ఉన్న మూడో భాగంలోకి దిగి, మూడో దిబ్బకు నిచ్చెన వేసి ఎక్కింది. ఏం చేస్తున్నావని తిప్పయ్య అడుగుతూనే ఉన్నాడు. ఆమె గడ్డి పెళ్లను రెండు చేతులా పట్టి ఎత్తి, పట్నమంతా చూసేట్టు పక్కన పెట్టింది.

"నీళ్లకు మనిషి అక్కర్లేదు," అంది. "జానెడు లోతు కావాల. ఆ జానెడు ఈడ ఉంది. నేనే పోసినా."

తిప్పయ్య నమ్మలేదు. కోడల్ని కాపాడుకోవడానికి ముసలిది కథ అల్లుతోందని పెద్దల్లో ఒకాయన అన్నాడు. తిప్పయ్య నీళ్లలో నడిచి మొదటి దిబ్బ దగ్గరికి పోయి గడ్డిలో వేలు గుచ్చాడు. వేలు దిగలేదు. రెండో దిబ్బలో గుచ్చాడు. దిగలేదు. మూడో దిబ్బ ఎక్కి, సుంకి పక్కన నిలబడి, మట్టిలో వేలు గుచ్చాడు. వేలు దిగింది. చెయ్యి దిగింది. మణికట్టు దాకా దిగింది.

తిప్పయ్య దిగి వచ్చి తలపాగా తీసి నేల మీద పెట్టాడు. గుంపులో మగవాళ్లందరూ తలపాగాలు తీశారు.

దొర సుంకిని దగ్గరికి పిలిచి, ఎందుకు చేశావని అడిగాడు. పిల్ల చేతులు చూడలేక చేశానంది. చేసినదానివి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"మొదటి దినం సిగ్గేసింది దొరా. రెండో దినం భయమేసింది. ముందే చెప్పింటే ఆ గొర్రెపిల్ల బతికేది."

దొర తిప్పయ్య వైపు చూశాడు. మీ కట్టుబాటులో దీనికి ఏముందని అడిగాడు. తిప్పయ్య నేల చూపులు చూస్తూ చెప్పాడు. దిబ్బ ముట్టిన చెయ్యి మూడు పొద్దులు ఒంటరిగా తవ్వాలి. ఆ మూడు పొద్దులూ గుంపులో ఎవరూ పార ముట్టకూడదు. మూడో పొద్దు కుంకితే ఆ తప్పు తీరినట్టు. అప్పుడే గుంపు చెయ్యి కలుపుతుంది, అప్పుడే గుంపు మాటకు మళ్లీ విలువ. మధ్యలో ఆగితే గుంపంతా దోషే.

"ఆమె చేతుల్లో సత్తువ లేదు," అన్నాడు తిప్పయ్య.

సుంకి మొగుడి చిన్న పార గుడిసె చూరులోంచి తీసింది. ముందు మూడో దిబ్బ ఎక్కి, తాను పోసిన మట్టినంతా తట్టలోకి ఎత్తింది. గడ్డి పెళ్లను పాత నేల మీద పెట్టింది. చెంబెడు నీళ్లు పోసింది. తర్వాత నీళ్లు ఆగిన చోటికి పోయి వంగింది.

కాలువ అంతా తవ్వడం ఆమె వల్ల కాదు. పార వెడల్పు, జానెడు లోతు, అంతే. సన్నటి గాడిలా తవ్వుకుంటూ పోయింది. మూడు వందల అడుగుల దూరం. రోజుకు వంద. ఆమె ఒక అడుగు తవ్వితే నీళ్లు ఒక అడుగు వచ్చాయి. ఆమె రెండో అడుగు తవ్వితే నీళ్లు రెండో అడుగు వచ్చాయి. ముసలమ్మ ముందు, ఏరు వెనక. ఆమె మడమలు తడుపుతూ ఏరు కుక్కపిల్లలా వెంట నడిచింది.

మొదటి రోజు ఒడ్డున జనం నవ్వారు. పోతులయ్య అనే చాకలి మూట దించి, "అవ్వా, ఏటిని తాడేసి తోలుకొస్తాండావా?" అన్నాడు.

"తాడెందుకు నాయనా," అంది సుంకి నడుము ఎత్తకుండా. "లోతిస్తే అదే వస్తాది."

రెండో రోజు ఎవరూ నవ్వలేదు. ఆమె చేతులకు చుట్టుకున్న గుడ్డలు ఎర్రబడ్డాయి. పోతులయ్య ఉతికిన గుడ్డలు తెచ్చి ఒడ్డు మీద పెట్టి పోయాడు. పార ముట్టకూడదన్నారు గానీ గుడ్డలు పెట్టకూడదని ఎవరూ అనలేదు. చెన్ని ఒడ్డు వెంట అత్తతో సమంగా నడిచింది. అత్త ఆగితే ఆగింది. అత్త కదిలితే కదిలింది. రెండు పూటలా దిబ్బలకు నీళ్లు మాత్రం తనే పోసింది.

మూడో రోజు సుంకి మోకాళ్ల మీద తవ్వింది. మధ్యాహ్నానికి పార పిడి పట్టలేక, పళ్లతో ముడి బిగించి రెండు చేతులకూ దాన్ని కట్టుకుంది. మూడో దిబ్బను దాటింది. నీళ్లు దిబ్బను చుట్టుకుని ఆమె వెనకే వచ్చాయి. పడమట మబ్బు పట్టింది. కాలువ చివర ఇంకా పది అడుగులుంది. ఆమె ఊపిరి ఒడ్డు మీదికి వినబడుతోంది.

తిప్పయ్య ఉండబట్టలేక కాలువలోకి దిగాడు. పడమటి వైపు వీపు పెట్టి, పొద్దు కనబడకుండా ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

"సుంకీ, లేయి. పొద్దు కుంకింది," అన్నాడు.

సుంకి పార ఆపి, అతని కాళ్ల మధ్య నుంచి నేల మీద పడుతున్న ఎండను చూసింది.

"ఇంకా జానెడు పొద్దుంది బావా," అంది. "ఇంకో జానెడు అబద్ధం వద్దు."

తిప్పయ్య పక్కకు జరిగాడు. ఒడ్డున ఉన్నవాళ్లెవరూ కూర్చోలేదు. పొద్దు నిజంగా కుంకేదాకా ఆమె తవ్వింది. తొమ్మిది అడుగులు తవ్వింది. పొద్దు కుంకగానే గుంపంతా ఒక్కసారి కాలువలోకి దిగింది. పట్నం కూడా దిగింది. చాకళ్లు దిగారు, పసులకాపరులు దిగారు, ఖాళీ కడవలతో ఎదురుచూసిన ఆడవాళ్లు కడవలు ఒడ్డున పెట్టి దిగారు. ముందు ఆ మిగిలిన ఒక్క అడుగు తవ్వారు. నీళ్లు చివరిదాకా పారి ఏట్లో కలిశాయి. తర్వాత గాడిని వెడల్పు చేశారు.

సుంకిని మూడో దిబ్బ దగ్గర ఒడ్డున కూర్చోబెట్టారు. చెన్ని ఆమె చేతులకు కట్టిన పార విప్పి, కాలువలో చెంబు ముంచి తెచ్చి నోటికి అందించింది. అది మూడో భాగంలో ముంచిన మొదటి చెంబు. సుంకి తాగలేదు. దిబ్బ వైపు చూపించింది. చెన్నికి అర్థమై, నిచ్చెన వేసి, ఆ నీళ్లు గడ్డి మీద పోసి వచ్చింది.

"కొట్టేస్తారు గదా ఇంక," అంది సుంకి. "కొట్టేదాకా పొయ్యి."

అవే ఆమె చివరి మాటలు. తెల్లారి మృగశిర చినుకులు పడేసరికి సుంకి లేదు. కళ్లు కాలువ వైపే ఉన్నాయి. పాదాలు నీళ్లలో ఉన్నాయి.

కట్టుబాటు ప్రకారం తిప్పయ్య మొదటి దిబ్బను కొట్టించాడు. రెండో దిబ్బను కొట్టించాడు. మూడో దిబ్బ దగ్గరికి వచ్చి గడ్డపార ఎత్తి, దించేశాడు. అక్కడున్న దొరతో, ఈ ఒక్కటీ ఉండనివ్వండి దొరా, అన్నాడు. దొర తల ఊపాడు. అప్పటిదాకా సుంకి అని పిలిచిన నోళ్లన్నీ ఆ రోజు నుంచి సుంకమ్మ అన్నాయి. చెన్నికి ఆడపిల్ల పుట్టింది. ఆ పేరే పెట్టుకుంది.

ఏళ్లు గడిచాయి. దొర పేరు ఏమిటో ఎవరికీ గుర్తులేదు. నిటారు ఏటికి కట్టిన గోడల్ని ఎవరూ తల్చుకోరు. పక్క కాలువను మాత్రం సుంకమ్మ కాలువ అంటారు. ఏటా వానలకు ముందు కాలువలో పూడిక తీసేవాళ్లు ఇప్పటికీ ఆ దిబ్బ పక్కనే కొలకర్ర పెట్టి చూస్తారు. కొలిచే ముందు పెద్దమేస్త్రి పైకెక్కి గడ్డిలో వేలు గుచ్చుతాడు. వేలు దిగకపోతే, "సుంకమ్మ సాక్షి" అంటాడు. అప్పుడే పార నేల మీద పడుతుంది. పట్నంలో పిల్లలెవరైనా మాట తడబడితే, నిజమేదో దాస్తున్నారని అనుమానం వస్తే, అమ్మలు కోప్పడరు. దగ్గర కూర్చోబెట్టుకుని, గడ్డి ఎత్తి చెప్పు నాయనా, అంటారు. పిల్లలు చెప్పేస్తారు.

దిబ్బ చుట్టూ నీళ్లే. నెత్తిన మాత్రం దానికి చుక్క అందదు. అందుకని ఎండాకాలంలో కాలువకు వచ్చే ప్రతి ఆడమనిషీ కడవ నింపుకునే ముందు ఒక చెంబు ముంచి, చెయ్యి సాచి, ఆ గడ్డి మీదికి విసురుతుంది. కొన్ని నీళ్లు గడ్డి మీద పడతాయి. కొన్ని తిరిగి కాలువలో పడతాయి. ఎంత మండే ఎండలకైనా ఆ గడ్డి ఒక్క ఏడు కూడా ఎండలేదు.

కాలువ చివరిదాకా పారింది. కథ ఇక్కడిదాకా వచ్చింది. విన్నవాళ్లు ఒక చెంబు పోసి పోండి.